అత్త మోకాళ్ళు, నా పాదం

ఆ రోజు కుర్చీలాటలో గెలిచింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ కథ విన్నవాళ్ళందరూ గెలుపు సంగతి వదిలేసి కాలు సంగతే అడుగుతారు.

శిరివెళ్ల మండలంలోని ఒక హైస్కూల్లో నేను తెలుగు టీచర్ని. ఇల్లు ఆళ్లగడ్డలో. స్కూలు వార్షికోత్సవం నాడు పిల్లల ఆటల పోటీలన్నీ అయిపోయాక, టీచర్లు కూడా ఆడాల్సిందేనని పిల్లలు పట్టుబట్టారు. పదకొండు మందిమి కుర్చీల చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. ఒక్కొక్కరే తప్పుకోగా చివరికి ఒక్క కుర్చీ మిగిలింది. దాని చుట్టూ నేనూ, మా వ్యాయామం సారూ. ఆయన రోజూ పొద్దున్నే మైదానం చుట్టూ పరుగెత్తే మనిషి. నేను బస్సు దిగి గేటు దాకా నడిచేసరికే ఆయాసపడే మనిషిని. నలభై తొమ్మిదేళ్ళు దాటాయి. అయినా ఆ క్షణంలో నాకు ఏం పూనిందో తెలీదు. కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకున్నాను. పదో తరగతి పిల్లలు “టీచర్! టీచర్!” అని కేకలు పెడుతున్నారు.

పాట ఆగింది. నేను దూకాను.

దూకడంలో ఎడమ పాదం లోపలికి మడత పడింది. దాని మీద నా బరువంతా పడింది. కందిపుల్ల విరిచినట్టు టప్‌మని చప్పుడైంది. అది నాకొక్కదానికే వినపడింది. నేను కుర్చీలో ఉన్నాను, సారు నేల మీద ఉన్నాడు. పిల్లలు ఈలలు వేస్తున్నారు. నేను రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాను. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, నోట్లోంచి నవ్వు ఆగడం లేదు. సంతోషంతో ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. హెడ్మాస్టరు గారు స్టీలు టిఫిన్ క్యారియర్ పట్టుకుని బహుమతి తీసుకోవడానికి స్టేజీ మీదికి రమ్మని మైకులో పిలిచారు.

“సార్, నేను లేవలేను. మీరే ఈడికి రండి” అన్నాను.

నన్ను ఆ కుర్చీతో సహా ఎత్తి ఆటో దాకా మోసింది, నా చేతిలో ఓడిపోయిన వ్యాయామం సారూ, లెక్కల టీచరూ. అలా ఊరేగింపుగా పోతుంటే పిల్లలు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నంద్యాల ఆస్పత్రికి పోదామా అని అడిగారు. బెణుకే, ఇంటికే పోదాం అన్నాను. మా స్కూలు నుంచి ఆళ్లగడ్డ ఒకవైపు, నంద్యాల ఇంకోవైపు. తప్పు వైపు పోతున్నామని అప్పుడు నాకు తెలీదు.

ఇంట్లో మా అత్త ఉంది. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. పెళ్ళై వచ్చిన ఈ ఇరవై రెండేళ్ళలో ఆమెకూ నాకూ ఒక్క పెద్ద గొడవ లేదు, ఒక్క పెద్ద నవ్వూ లేదు. ఇద్దరం ఒకరి పని ఒకరం గౌరవించుకుంటూ, ఒకరికొకరం అడ్డం రాకుండా బతికాం. ఆదివారం చర్చిలో పక్కపక్కనే కూర్చుంటాం. ఒకే పాటల పుస్తకంలో చూసి పాడతాం. అంతే.

ఆమె నాయన పగిడ్యాల పక్క పల్లెలో సేద్యగాడు. ఎద్దులకు కాళ్ళు విరిగితే కట్టు కట్టడంలో ఆయనకు పేరుండేదట. నన్ను ఆటోలోంచి దించీ దించగానే అత్త నా పాదం వైపు చూసింది. అప్పటికే అది పూరీలా పొంగింది.

“విరిగినాది” అంది.

“లేదత్తా, బెణికింది.”

“విరిగినాది మే. మా నాయన కాడ ఎన్ని చూసినా నేను. గమ్మున కూసో.”

నేను కూర్చున్నాను. ఆమె నాలుగు కోడిగుడ్లు పగలగొట్టింది, మినప్పిండి కలిపింది, పాత పంచె చించింది. నా కాలికి మడమ నుంచి వేళ్ళ దాకా ఆ పిండి పట్టించి గుడ్డ చుట్టింది. చల్లగా, జిగటగా ఉంది. నొప్పి మాత్రం తగ్గలేదు. మా పిల్లి నా కాలి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. దాన్ని తోలలేక, నవ్వలేక, ఏడవలేక ఉండగా మా ఆయన వచ్చాడు. ఆయనకు ట్రాక్టరు విడిభాగాల షాపు ఉంది. విరిగినదాన్ని కట్టి నడపడం కంటే విప్పి చూడడమే మంచిదని నమ్మే మనిషి.

“ఇదేందమ్మా?” అన్నాడు వాళ్ళమ్మతో.

“కట్టు.”

“నంద్యాలకు పోదాం పద” అన్నాడు నాతో.

“పోండి. నేను గూడా వస్తా. ఆ డాక్టరు ఏం కడతాడో చూస్తా” అంది అత్త. చెప్పులు వేసుకుని అందరికంటే ముందు కార్లో కూర్చుంది.

మా ఆయన స్నేహితుణ్ణి అడిగి తెచ్చిన ఆ కార్లో ముగ్గురం నంద్యాలకు బయలుదేరాం. దారిలో మా స్కూలు ముందు నుంచే పోయాం. పందిట్లో ఇంకా పాటలు పాడుతున్నారు. కారు అద్దం దించి చూస్తే నేను గెలిచిన కుర్చీలో ఎవరో పెద్దమనిషి కూర్చుని పాట వింటున్నాడు.

నంద్యాలలో ఎముకల డాక్టరు దగ్గర జనం బాగా ఉన్నారు. చెయ్యి మెడకు వేలాడేసుకున్న వాళ్ళు, నడుం పట్టుకున్న వాళ్ళు, కర్రల మీద వాళ్ళు. నా వంతు వచ్చింది. నర్సు గుడ్డ విప్పుతుంటే అప్పటికే ఎండిపోయిన పిండి పెచ్చులు పెచ్చులుగా రాలింది. గదంతా పచ్చి గుడ్డు వాసన. డాక్టరుకు నలభై అయిదేళ్ళు ఉంటాయి. మనిషిది మోటు మాట, మెత్తటి చెయ్యి. నా పాదం వైపు కాసేపు చూశాడు.

“ఏందమ్మా ఇది?”

“గుడ్డు సార్.”

“గుడ్డొకటేనా? ఉల్లిగడ్డ, పచ్చి మిరపకాయ గూడా ఏసినారా?”

మా ఆయన గోడ వైపు తిరిగాడు. ఆయన భుజాలు ఊగుతున్నాయి. అత్త మాత్రం నిటారుగా నిలబడింది.

“మా నాయన కట్టిన ఎద్దులు పదేండ్లు సేద్యం చేసినాయి నాయనా” అంది.

“నేను కట్టినోళ్ళు గూడా చేస్తాండారు పెద్దమ్మా. ఒగసారి ఫోటో తీసి చూద్దాం.”

ఎక్స్‌రే వచ్చింది. చిటికెన వేలి నుంచి వెనక్కి వచ్చే సన్నటి ఎముక ఒకటుంటుందట. దాని మొదట్లో వెంట్రుక లాంటి గీత చూపించాడు డాక్టరు. విరిగిందన్నాడు. అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆమె ముఖంలో విజయం కనిపించింది.

“చెప్పినానా లేదా?” అంది.

“చెప్పినావులే పెద్దమ్మా. నువ్వు ఫోటో లేకుండానే చెప్పినావు, నేను ఫోటో తీసి చెప్తాండా” అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు వారాలు పిండికట్టు, ఆ కాలు నేల మీద మోపకూడదు అన్నాడు. ఒకే రోజు నా కాలికి అది రెండో పిండికట్టు. కాగితం మీద రాసుకుంటూ, “ఎట్ల పడినావమ్మా?” అని అడిగాడు.

“కుర్చీలాట సార్.”

పెన్ను ఆగింది. “గెలిచినావా?”

“గెలిచినా సార్.”

“అయితే సరే” అని రాసుకున్నాడు.

కట్టు వేయించుకుని బయటికి వస్తుండగా డాక్టరు వెనక నుంచి పిలిచాడు. నన్ను కాదు, అత్తను.

“పెద్దమ్మా, ఆ గోడ దాకా నడిచి మళ్ళా ఈడికి రా.”

“నాకేమయింది? కాలు విరిగింది దానికి.”

“నడువు పెద్దమ్మా, ఊరికే చూస్తా.”

ఆమె నడిచింది. నేను చక్రాల కుర్చీలో కూర్చుని చూశాను. ఇరవై రెండేళ్ళుగా రోజూ చూస్తున్న నడకే అది. కానీ నిలబడి చూడడం వేరు, ఎటూ కదల్లేక కూర్చుని చూడడం వేరు. ఆమె కాళ్ళు రెండూ విల్లుల్లా బయటికి వంగి ఉన్నాయి. ప్రతి అడుగుకూ ఒళ్ళంతా ఆ పక్కకు వాలి, మళ్ళీ ఈ పక్కకు వాలుతోంది. గోడ దగ్గర తిరిగేటప్పుడు గోడను పట్టుకుంది. నాకు సిగ్గేసింది. ఒకే ఇంట్లో ఉండి ఇన్నాళ్ళూ నేను ఏం చూశాను?

ఆమెకూ ఫోటో తీశారు. మోకాళ్ళలో గుజ్జు పూర్తిగా అరిగిపోయిందట. ఎముకకు ఎముక రాసుకుంటోంది. మా ఆయన ఆ ఫోటో చూసి, “బేరింగు పోయి షాఫ్టు మీద నడుస్తాండాది బండి” అన్నాడు. మోకాలు మార్చాల్సిందేనన్నాడు డాక్టరు.

“నాకేమీ లేదు” అంది అత్త. “ఇనుప మోకాలు పెట్టుకుని పైకి పోతే దేవుడు ఏమంటాడు?”

“ముందు ఈడ సక్కగా నడువు పెద్దమ్మా. ఆడి సంగతి తర్వాత” అన్నాడు డాక్టరు. ఆమె వినలేదు. కారెక్కి ఆళ్లగడ్డ దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

తర్వాతి ఆరు వారాలు నా జీవితంలోకెల్లా వింత రోజులు. మా వీధిలో రాతి విగ్రహాలు చెక్కే పని జరుగుతుంటుంది. పొద్దున్నే ఉలి చప్పుడుతో లేచి, సాయంత్రం దాకా అదే వింటూ, కట్టు కాలు దిండు మీద పెట్టుకుని ఇంట్లో కూర్చోవడం నా పని. నాలుగో రోజుకే పిచ్చెక్కింది. మా ఆయన షాపులో నుంచి చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఒకటి తెచ్చిచ్చాడు. మంచి కాలితో నేలను తన్నుకుంటూ గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి పోవడం నేర్చుకున్నాను. వారం తిరిగేసరికి కుర్చీలో ఉండే చపాతీలు వత్తాను, పిల్లల నోట్సులు దిద్దాను, ఫోన్‌లోనే పాఠం చెప్పాను.

ఒకరోజు మధ్యాహ్నం స్నానాల గదికి వాకరు పట్టుకుని గెంతుకుంటూ పోయి తిరిగి వచ్చాను. హాల్లో నా కుర్చీ లేదు. గరగరమని చప్పుడు వినిపిస్తోంది. తొంగి చూస్తే వంటింటి గుమ్మంలోంచి మా అత్త నా కుర్చీలో కూర్చుని, రెండు పాదాలతో నేలను తోసుకుంటూ వెనక్కి వెనక్కి వస్తోంది. ఒళ్ళో పప్పు గిన్నె. నన్ను చూడలేదు. వేగం ఎక్కువై, హాలు మొత్తం దాటి, నేరుగా టీవీ స్టాండుకు తగిలి ఆగింది. పప్పు ఒలకలేదు.

తిరిగి చూసింది. నేను వాకరు పట్టుకుని ఒంటి కాలి మీద నిలబడి ఉన్నాను.

 ఆమె ముఖం వణికింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కాదు, నవ్వు. ఆపుకోలేని నవ్వు. అది చూసి నాకూ వచ్చేసింది. ఒంటి కాలి మీద నవ్వడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. వాకరుతో సహా సోఫాలో కూలబడ్డాను. ఇద్దరం కళ్ళనీళ్ళు తుడుచుకోవడం, ఒకరి ముఖం ఒకరు చూడడం, మళ్ళీ మొదలు. పక్కింటామె ఏమైందోనని గోడ మీద నుంచి తొంగి చూసిపోయింది.

“శానా బాగుండాది మే ఇది” అంది చివరికి, కుర్చీ చెయ్యి నిమురుతూ. “ఈ మధ్య వంటింట్లో నిలబడల్యాను. నువ్వు స్నానానికి పోయినప్పుడల్లా దీంట్లో కూసుంటాండా.”

“ఎన్నాళ్ళ నుంచి అత్తా?”

“కుర్చీనా, నొప్పా?”

“నొప్పి.”

ఆమె పప్పు గిన్నె పక్కన పెట్టింది. అప్పుడు చెప్పింది. పదేళ్ళు దాటిందట. చర్చికి అందరికంటే ముందు పోయేది భక్తితో కాదట, మెట్లు ఎక్కేటప్పుడు ఎవరూ చూడకూడదని. ప్రార్థనకు అందరూ మోకరిస్తే ఆమె తల వంచుకుని బెంచీ మీదే ఉండిపోయేదట. పాస్టరయ్య అపార్థం చేసుకుంటాడేమోనని భయమట. చాగలమర్రిలో చెల్లెలుంది, బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుందని పోవడం మానేసిందట. ఆ చెల్లెలితో పోట్లాట వచ్చిందేమోనని నేను ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను.

“మరి చెప్పొచ్చు గదా?”

“నువ్వు బడికి పోతాండావు, వాడు షాపుకు పోతాండాడు. ఎవురికి చెప్పేది? గోడకా?”

ఆమె కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పింది. నేను చెయ్యి పట్టుకోబోతే, “సాల్లే, పప్పుకు తిరగమాత పెట్టాల” అని మళ్ళీ కుర్చీ తోసుకుంటూ వంటింట్లోకి పోయింది. ఆ రోజు నుంచి కుర్చీ మీద హక్కు కోసం మా ఇద్దరికీ రోజూ వాదనే. సాయంత్రం మా ఆయన వచ్చేసరికి ఒకరు కుర్చీలో, ఒకరు వాకరు మీద వరండాలో పందెం పెట్టుకుని ఉండేవాళ్ళం. ఆయన షాపులోంచి ఇంకో కుర్చీ తెచ్చాడు.

ఆపరేషన్ మాట ఎత్తితే మాత్రం అత్త మూతి బిగించేది. “నువ్వు నడిచి సూపించు ముందు” అనేది.

ఆరు వారాలయ్యాక కట్టు తీయించుకోడానికి నంద్యాల పోయాం. అత్త కూడా వచ్చింది. కట్టు కోసే యంత్రం చూసి ఆమె ఠారెత్తిపోయింది. అది రంపంలా గుండ్రంగా ఉంటుంది, చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. “చర్మం తెగదు పెద్దమ్మా, పిండి వరకే కోస్తాది” అని కాంపౌండరు ఎంత చెప్పినా నమ్మలేదు.

“మన వీధిలో ఇంతమంది శిల్పులు ఉండారు, ఉలి పెట్టి నాలుగు దెబ్బలు ఏపిస్తే పోయేది గదరా!” అంది మా ఆయనతో. యంత్రం మొదలవగానే నా తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన అందుకుంది. యంత్రం శబ్దం పెరిగితే ప్రార్థన శబ్దం పెరిగింది. బయట బెంచీల మీద కూర్చున్న వాళ్ళు కొందరు లేచి నిలబడి ఆమేన్ అన్నారట, మా ఆయన తర్వాత చెప్పాడు.

కట్టు రెండు చిప్పలుగా విడిపోయింది. లోపల్నుంచి ముందు రెండు చీపురు పుల్లలు పడ్డాయి. తర్వాత ఒక జడపిన్ను. తర్వాత ఎర్ర పెన్ను మూత. అన్నీ దురద గోక్కోడానికి నేను దూర్చి పోగొట్టుకున్నవి. డాక్టరు ఒక్కొక్కటే ఎత్తి బల్ల మీద వరసగా పెట్టాడు.

“ఇంకేమన్నా ఉండాయా టీచరమ్మా? హాజరు పట్టీ గూడా లోపలే ఉండాదా?”

నా పాదం చూసి నేనే గుర్తుపట్టలేదు. సన్నగా, పొలుసులు పొలుసులుగా, ఎవరో ముసలామె పాదంలా ఉంది. నేల మీద మోపమన్నారు. బల్ల అంచు పట్టుకున్నాను. మోపాను. నేల చల్లగా తగిలింది. అరికాలికి నేల తగలడం ఇంత బాగుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి అడుగు, రెండో అడుగు. మూడో అడుగుకు నేను పిచ్చిదానిలా నవ్వుతున్నాను. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కింద అంతస్తులో ఫిజియోథెరపీ. ఆ అమ్మాయికి ఇరవై అయిదేళ్ళుంటాయేమో. గిన్నెలో గోలీలు పోసి, కాలి వేళ్ళతో ఒక్కొక్కటే పట్టుకుని పక్క గిన్నెలో వేయమంది. నాకు అయిదు నిమిషాల్లో రెండు గోలీలు కూడా రాలేదు. అత్త చూసి చూసి, చెప్పు విడిచి, కుర్చీలో కూర్చునే తన పాదం చాపింది. గబగబా తొమ్మిది గోలీలు మార్చేసింది.

“చేన్లో కింద పడిన శెనక్కాయలు వంగల్యాక కాలితోనే ఏరేదాన్ని” అంది, ఏమీ కానట్టు. ఫిజియోథెరపీ అమ్మాయి చప్పట్లు కొట్టింది. “అవ్వా, నీ వేళ్ళు బంగారం. మోకాళ్ళు ఒకటే మార్చుకుంటే పరుగెత్తుతావు” అంది. అత్త చెప్పు వేసేసుకుంది.

నాకు మడమ కింద పోటు మొదలైందని మెత్తటి చెప్పులు వేసుకోమన్నారు. బస్టాండు దారిలో ఒకాయన కాలి కొలత తీసుకుని చెప్పులు చేస్తాడని కాంపౌండరు చెప్పాడు. చిన్న కొట్టు. తల నెరిసిన మనిషి. ఆయన అట్టముక్క నేల మీద పెట్టి, నా పాదం దాని మీద పెట్టించి, పెన్సిలుతో చుట్టూ గీత గీశాడు. గీస్తూ గీస్తూ పక్కన నిలబడ్డ అత్త చెప్పుల వైపు చూశాడు.

“అమ్మా, ఆ చెప్పు ఒగసారి విడువు.”

విడిచింది. ఆయన దాన్ని తిరగేసి వెలుతురులో పట్టుకున్నాడు. బయటి అంచు కాగితంలా అరిగిపోయింది, లోపలి అంచు కొత్తదానిలా ఉంది.

“నీకు మోకాళ్ళు పోయినాయమ్మా” అన్నాడు. “బరువంతా ఒగ పక్కనే పడతాండాది. పదేండ్లు అయ్యుంటాది. మా అమ్మకు గూడా ఇట్లనే ఉండె. ఆపరేషన్ చేపించినాం. ఇప్పుడు రోజూ ఈడికి నాకు సద్ది తెస్తాది, నడిచి.”

అత్త ఆ చెప్పు ఆయన చేతిలోంచి తీసుకుని తనే తిప్పి చూసుకుంది. చాలాసేపు చూసింది.

“మీయమ్మ వయసెంత అప్పా?”

“డెబ్బై మూడు.”

అత్త నా వైపు తిరిగింది. “డాక్టరు ఫోటో తీసి చెప్పినాడు. ఈయప్ప చెప్పు చూసి చెప్పినాడు. ఇద్దరిదీ ఒగటే మాట” అంది. “పద, మళ్ళా ఆస్పత్రికి పోదాం.”

“ఇప్పుడా?”

“ఇప్పుడు గాకుంటే మనసు మార్చుకుంటా. బేగా పద.”

మా ఆయన ఆ చెప్పులాయన రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. ఆరు వారాలుగా తను చెప్పలేకపోయిన మాట ఆయన ఒక్క చెప్పుతో చెప్పేశాడన్న సంబరం అది. పదేళ్ళుగా అని ఉండాలి, కానీ మేం కళ్ళు తెరిచిందే ఈ మధ్య కదా.

వేసవి సెలవుల్లో కుడి మోకాలికి ఆపరేషన్ పెట్టుకున్నాం. ఆ రోజు పొద్దున ఆమెను లోపలికి తీసుకుపోయే ముందు అత్త నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నవ్వులాట ఏమీ లేదు ఆ నిమిషం. “నేను లేవకుంటే వాన్ని బాగ చూసుకో మే. వానికి పెరుగన్నంలోకి ఎండు మిరపకాయ ఉండాల” అంది. నేను సరేనన్నాను. తలుపులు మూసుకున్నాక నేనూ మా ఆయనా ఒక బెంచీ మీద కూర్చున్నాం. ఆయన తన నలభై ఏళ్ళ షాపు అనుభవంలో ఎన్ని బేరింగులు మార్చాడో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళు అబద్ధం, ఆ షాపు పెట్టి పద్దెనిమిదేళ్ళే. నేను దిద్దలేదు.

నడుం కింద మత్తిచ్చి చేస్తారు కాబట్టి ఆమె మెలకువగానే ఉందట. బయటికి తీసుకొచ్చాక మేం దగ్గరికి పోగానే మొదటి మాట, “లోపల సుత్తెలు పెట్టి కొట్టినారు మే! ఇంటి దూలాలు ఎత్తేతప్పుడు గూడా అంత చప్పుడు రాల్యా.” డాక్టరు వెనకే వచ్చి నవ్వుతున్నాడు. ఆపరేషన్ నడుస్తుండగా పరదాకు ఇవతల నుంచి ఆమె, “నిమ్మళంగా కొట్టు నాయనా, అది నా కాలు” అందట. లోపల అందరికీ నవ్వొచ్చి ఒక నిమిషం పని ఆపాల్సి వచ్చిందట.

మర్నాడు గోలీల అమ్మాయి వచ్చి ఆమెను నిలబెట్టింది. నేను ఒక పక్క, ఆ అమ్మాయి ఒక పక్క. ముందు వాకరు. నేను వాడిన వాకరే. అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది.

“కళ్ళు తెరువవ్వా, ఎదురుగా గోడ ఉండాది.”

తెరిచింది. ఒక అడుగు వేసింది. నొప్పితో పళ్ళు బిగించింది. ఇంకో అడుగు. నాలుగో అడుగు దగ్గర ఆగి కిందికి చూసుకుంది. తన కుడి కాలు తిన్నగా ఉంది. ఎడమది వంకరగానే ఉంది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుని, “మే, చూడు, ఇది నా పెండ్లి నాటి కాలు!” అని గట్టిగా అరిచింది. పక్క మంచాల మీది వాళ్ళందరూ లేచి చూశారు. మంచం మీదికి చేరగానే ఫోన్ అడిగి చాగలమర్రి చెల్లెలికి చేసింది. తర్వాత పగిడ్యాలలో తమ్ముడికి. తర్వాత పాస్టరయ్యకు. అందరికీ అదే మాట.

ఇంటికి వచ్చాక వ్యాయామం చేయించడం నా వంతు. ఇప్పుడు నేను టీచర్ని. మంచం అంచున కూర్చుని కాలు చాపి పది లెక్క పెట్టాలి. ఆమె ఏడు దగ్గరే దించేసి పది అనేది.

“అత్తా, ఎనిమిది, తొమ్మిది యాడికి పోయినాయి?”

“నువ్వు లెక్కల టీచరు గాదు గదా, నీకెందుకు?”

నాలుగు నెలల తర్వాత రెండో మోకాలు కూడా అయింది. ఈసారి లోపలికి పోయేటప్పుడు ఎండు మిరపకాయల మాట ఎత్తలేదు. “బిర్నా చేసి పంపించండి, ఇంట్లో వడియాలు ఎండబెట్టినా” అంది డాక్టరుతో.

మొన్న మట్టల ఆదివారం వచ్చింది. మా చర్చిలో ఆ రోజు పొద్దున్నే అందరూ ఈత మట్టలు చేత పట్టుకుని పాడుకుంటూ వీధుల్లో తిరిగి మళ్ళీ చర్చికి చేరుతారు. ఎన్నో ఏళ్ళుగా అత్త గేటు దగ్గర కుర్చీ వేసుకుని పోయేవాళ్ళకు, వచ్చేవాళ్ళకు మట్ట ఊపేది. ఈసారి ఆడవాళ్ళ వరసలో ముందు నిలబడింది. తెల్ల చీర, కొత్త చెప్పులు. ఆ చెప్పులాయన చేసినవే. పాట మొదలైంది. ఆమె నడవడం మొదలుపెట్టింది. ఆ పక్కకూ ఈ పక్కకూ వాలకుండా, నిటారుగా, మట్టను జెండాలా పట్టుకుని. నా పాదం ఇప్పటికీ ఎక్కువ నడిస్తే కొంచెం లాగుతుంది. రెండో వీధి మలుపులో నేను వెనకబడ్డాను. ముందు నుంచి కేక వినిపించింది.

“ఏం మే, నడవల్యావా? బేగా రా!”

వీధంతా తిరిగి చూసింది. నేను నవ్వుకుంటూ పరుగులాంటి నడక అందుకున్నాను. శిల్పులు ఉలులు ఆపి మా ఊరేగింపు చూస్తున్నారు. మా ఆయన మగవాళ్ళ వరసలోంచి వాళ్ళమ్మ వైపే చూస్తూ పాట మధ్యలో పదాలు మరిచిపోయి ఊరికే నోరు కదుపుతున్నాడు.

చర్చి ముందర అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ పెట్టారు. పెద్దవాళ్ళకు బెంచీల మీదికి తెచ్చిస్తామన్నారు వడ్డించే ఆడపిల్లలు. అత్త అక్కర్లేదంది. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడింది. తన వంతు వచ్చింది, తిన్నది. మళ్ళీ పోయి చివర్లో నిలబడింది, ఇంకో బజ్జీ కోసం.